మునిమాపున చిత్రాన్వేషణము

ఛాయాచిత్రకళ వెలుతురుపై ఆధారపడిన కళ యని అందరును అంగీకరింతురు. కాని వెలుతురు సమృద్ధిగా ఉన్నంతసేపు ఆ కళకు నిజమైన పరీక్ష కలుగదు. పట్టపగటి యెండలో వస్తువు తనను తానే చూపుకొనును. ఛాయాగ్రాహకుడు దానికి తగిన చోటు కల్పించిన చాలును. వెలుతురు తరుగుచున్నకొలది ప్రతి చిత్రమునకును ఏదో ఒకదానిని వదలుకొనవలసి వచ్చును. ఏది వదలవలెను, ఏది నిలుపుకొనవలెను అను ఎన్నికలో చిత్రకారుని హృదయమును, వివేకమును బయటపడును. కావున మునిమాపువేళ చిత్రమును వెదకుట కేవలము యంత్రమునకు సంబంధించిన చిక్కు కాదు. అది రసమునకు సంబంధించిన విషయము. చిత్రములో మనుష్యుడున్నచో ధర్మమునకు సంబంధించిన విషయము కూడ.

ఈ విషయమును విచారించుటకు జంషెడ్‌పూరు నగరములోని బర్మామైన్స్ పేట చక్కని తావు. ఛోటానాగపూరు పీఠభూమి అంచున, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు చోట, సాక్చీ అను పల్లె ఉన్న నేలపై 1908లో ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమైనది. 1912లో మొదటి ఉక్కు వెలువడినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టబడినది. కాలీమాటి అను రైలు స్టేషను టాటానగర్ అయినది. కర్మాగారమునకును, ఆ స్టేషనునకును చేరువనున్న పేట బర్మామైన్స్. పేరు దూరపు బర్మా గనులను తలపించును. చుట్టునున్నవి మాత్రము రైలు పట్టాలు, పొగగొట్టములు, కార్మికుల ఇండ్లు. జంషెడ్‌పూరుకు బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చినవారిలో తెలుగువారు తక్కువవారు కారు. ఆనాటి మద్రాసు రాష్ట్రపు గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి, అనగా నేటి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి, సముద్రతీరపు రైలు మార్గమున ఖరగ్‌పూరు చేరి, అచటనుండి పడమరకు మరలి వారు ఈ ఊరు చేరినారు. అప్పుడది బీహారు, 2000 సంవత్సరము నవంబరునుండి ఝార్ఖండ్.

ఈ పేటలో సాయంకాలము తొందరగా వచ్చును. దేశమంతటికిని గడియారము ఒక్కటే గాని సూర్యుడు ఆ గడియారమును పాటింపడు. డిసెంబరు తొలిదినములలో హైదరాబాదున సూర్యుడు సుమారు 5 గంటల 40 నిమిషములకు అస్తమించును. తూర్పుననున్న జంషెడ్‌పూరులో అప్పటికి నలువది నిమిషములకు ముందే, దాదాపు 5 గంటలకే ప్రొద్దు గ్రుంకును. పగటి పని ముగించి సాయంకాలము ఇంటి ముఖము పట్టినవానికి శీతకాలమున మిగులునది ఎండ కాదు, ఎండ వెళ్ళిన తరువాతి వెలుగు. ఆ వెలుగు కూడ ఎక్కువసేపు నిలువదు. ఉత్తరఐరోపాలో వేసవి సంధ్య గంటలకొలది సాగును. కర్కటరేఖకు చేరువనున్న ఈ నేలపై సూర్యుడు నిటారుగా దిగుటచే, దీపము లేక మనుష్యుని ముఖము గుర్తింపగల సమయము ఇరువదియైదు నిమిషములకు మించదు. ఆ ఇరువదియైదు నిమిషములలో వెలుగు నూరు వంతులకు పైగా తగ్గిపోవును. లెక్క వేసి చూచినచో ప్రతి మూడు నాలుగు నిమిషములకు వెలుగు సగమగును. చిత్రమును వెదకువాడు ఒక గోడ ముందు నిలిచి ఆలోచించుచున్నంతలో, అతని చేతిలోని ధనము సగము కరగిపోవునన్నమాట.

సంధ్య మన కావ్యములకు క్రొత్త విషయము కాదు. పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున మహాకావ్యమున వర్ణింపదగినవానిని చెప్పుచు సంధ్యను, ప్రదోషమును, చీకటిని వేరువేరుగా పేర్కొనినాడు. పగలు పోయి రాత్రి వచ్చుటలో మూడు మెట్లున్నవని ఆ లాక్షణికుడు గుర్తించుట గమనింపదగినది. మనుచరిత్రములో ప్రవరుడు విడిచిపోయిన పిదప వరూధిని విరహమునకు తోడుగా పెద్దన సాయంకాలమును, చీకటిని, చంద్రోదయమును నిలిపినాడు. అచట ప్రొద్దు గ్రుంకుట ప్రకృతివర్ణన మాత్రమే కాదు; నాయిక హృదయమున జరుగుచున్నదే ఆకాశమునను జరుగుచున్నది. కవికి రెండు స్వాతంత్ర్యములు గలవు. అతడు సూర్యుని కొండమీద పది పద్యములసేపు నిలుపగలడు. ఎఱ్ఱని ఆకాశమును మరియొకదానితో పోల్చి, లేనిదానిని ఉన్నదానిలో చూపగలడు. ఛాయాగ్రాహకునకు ఈ రెండును లేవు. అతని సూర్యుడు నిలువడు. అతని కెమేరాకు ‘వలె’ అను మాట రాదు. ఎదుట ఉన్నదానినే, ఉన్న క్షణముననే, అతడు తీసికొనవలెను.

అయినను కవులకంటె సామాన్యజనుల భాష ఈ విషయమున ఛాయాగ్రాహకునకు దగ్గరి చుట్టము. తెలుగున ప్రొద్దువాటారుట వేరు, ప్రొద్దుగ్రుంకుట వేరు. సంజ యనగా ఆకాశపు రంగు కనులకు వచ్చును. గోధూళి యనగా పసుల కాలిదుమ్ము, ఆ దుమ్ములో చిక్కిన వెలుగు కనబడును. మునిమాపు, మసక, మునిచీకటి, దీపాలు పెట్టువేళ, అసురసంధ్య అను మాటలలో ఏ రెండును సరిగా ఒకే నిమిషమును చెప్పవు. వీనిలో కొన్ని ఆకాశమును చూచి పుట్టినవి. కొన్ని నేలను చూచి పుట్టినవి. కొన్ని ఇంటి పనిని చూచి పుట్టినవి. అసురసంధ్య యన్నప్పుడు ఆ వేళ నిద్రింపరాదు, గడపలో దీపముంచవలెను అను ఆచారములు గుర్తుకు వచ్చును. సాయంకాలమును చిత్రింపబూనినవాడు మొదట ఈ మాటలలో తనకు కావలసినది ఏదియో తెలిసికొనవలెను. సంజను వెదకువాడు ఆకాశము వైపు తిరుగును. దీపాలు పెట్టువేళను వెదకువాడు ఇండ్ల వైపు తిరుగును. ఇద్దరును ఒకే వీథిలో, ఒకే సమయమున నిలిచినను, వీపులు కలిపి నిలిచినవారే.

ఇక కన్నునకును యంత్రమునకును గల భేదమును చూడవలెను. చీకటి పడుచున్నప్పుడు మనుష్యుని చూపు ఒక రీతినుండి మరియొక రీతికి మారును. పగటి చూపునకు పనిచేయు కణములు వేరు, మసకచూపునకు పనిచేయు కణములు వేరు. మసకచూపు ఎఱుపును దాదాపు గ్రహింపలేదు. నీలము, పచ్చలవైపు దాని మొగ్గు ఎక్కువ. పందొమ్మిదవ శతాబ్దపు తొలిపాదమున చెక్ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు పుర్కిన్యె దీనిని గుర్తించినాడు. పెరటిలోని మందారమును గమనించినవారందరు దీనిని ఎరుగుదురు. పగలు ఆకులకంటె పూవే ముందు కంటబడును. మునిమాపున పూవు నల్లబడును, ఆకులు మాత్రము ఇంకను తెల్లవారుచున్నట్లు కనబడును. అనగా సాయంకాలము లోకమున మాత్రమే జరుగుట లేదు, చూచువాని కంటిలోను జరుగుచున్నది. కెమేరాకు ఈ మార్పు లేదు. కావున సాయంకాలపు చిత్రము ఎంత యథార్థమైనను చూచినవానికి తన సాయంకాలమువలె తోపదు; దానిని అతని సాయంకాలముగా చేయుటకు చిత్రకారుడు కొంత శ్రమింపవలెను.

తొలినాళ్ళ ప్లేట్లకు మరియొక లోపముండెను. అవి నీలమును మాత్రమే బాగుగా గ్రహించెడివి. ఎఱుపు వానికి చీకటితో సమానము. 1873లో జర్మన్ రసాయనజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ రంగుల లేపముతో ప్లేట్ల చూపును విస్తరింపవచ్చునని కనుగొనినను, అన్ని రంగులను గ్రహించు ప్లేట్లు వాడుకలోనికి వచ్చుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చినది. సాయంకాలపు వెలుగు ఎఱ్ఱనిది. కొలిమి వెలుగును ఎఱ్ఱనిదే. కంటికి ఇంకను ప్రకాశించుచున్న సంజ ఆ ప్లేటుకు అప్పటికే రాత్రి. ఇది గాక కాలవిలంబము. 1838లో దాగేర్ పారిస్ నగరపు ఒక పెద్ద వీథిని చిత్రించినాడు. అది పగటి చిత్రమే. కాని ప్లేటుకు వెలుతురు చాలినంత చేరుటకు నిమిషములు పట్టుటచే, నడచువారును బండ్లును జాడ లేక మాయమైపోయి, జోళ్ళకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన ఒక మనుష్యుడు మాత్రము మిగిలినాడు. కెమేరా ఆదినుండియు నిలిచినవానిని గుర్తుంచుకొనును, నడచువానిని మరచిపోవును. వెలుతురు తగ్గినకొలది ఈ పక్షపాతము పెరుగును.

ఈ రెండు లోపములను కలిపి చూచినచో ఒక విచారకరమైన సంగతి స్పష్టమగును. కార్మికుని దినములో తనదని చెప్పుకొనదగిన వేళ సాయంకాలము. అప్పుడతడు ఇంటికి నడచును, అంగడికి పోవును, బిడ్డనెత్తుకొనును, ఇరుగుపొరుగువారితో తన భాషలో మాటలాడును. పగటివేళ అతడు కర్మాగారపు మనుష్యుడు. సాయంకాలమున మాత్రమే అతడొక ఊరివాడు, ఒక కుటుంబమువాడు, ఒక భాషవాడు. చాల కాలమువరకు కెమేరాకు కనబడని వేళ సరిగా అదియే. అతడు చేసిన ఉక్కుకు చిత్రములున్నవి. అతని సాయంకాలమునకు చిత్రములు అరుదు.

జంషెడ్‌పూరును గొప్ప చిత్రకారులు చూడలేదని దీని భావము కాదు. స్విట్జర్లాండువాడైన వెర్నెర్ బిషోఫ్ 1951లో భారతదేశమునకు వచ్చి బీహారు కరవును చిత్రించి, లోకమునకు ఆకలిని చూపినాడు. ఆ పర్యటనలోనే ఈ ఉక్కు నగరమును గూడ చిత్రించినాడు. 1943 నాటి వంగదేశపు కరవు చిత్రములచే ప్రసిద్ధుడైన సునీల్ జానా (1918-2012) స్వాతంత్ర్యానంతర భారతమున గనులను, ఆనకట్టలను, ఉక్కు కర్మాగారములను చిత్రించి, ఒక యుగపు ఆశకు రూపము కల్పించినాడు. మనుష్యుని ఎడ గౌరవములో వీరిద్దరిలో ఎవరికిని లోటు లేదు. అయినను ఈ జాతి చిత్రములలో మనస్సున నిలుచునది కొలిమి ముందు నల్లని నీడగా నిలిచిన మనుష్యుడు. అతని వెనుక వెలుగు మహత్తరమైనది, అతని ముఖము కనబడదు. ఆ యుగపు ఆశయమునకు అది తగిన రూపమే. కాని మనుష్యుడు అందు ఒక పరిమాణమునకు కొలతగా మారినాడు. ఆ నీడయే ఇంటికి వెళ్ళి ముఖమై మారు క్షణము ఆ చిత్రమునకు వెలుపల నున్నది. పండుగపూట స్టూడియోలో, రంగుల తెర ముందు, కుర్చీ మీద చేయి ఉంచి తీయించుకొనిన చిత్రము ఆ వెలితిని తీర్పదు. అందు ముఖమున్నది, ఊరు లేదు.

ఇప్పుడు ఒక ఛాయాగ్రాహకుడు డిసెంబరు సాయంకాలమున బర్మామైన్స్ వీథిలో చిత్రమును వెదకుచున్నాడని ఊహింపవచ్చును. అతనికి మొదట ఎదురగు ప్రలోభము ఆకాశము. ధూళియు పొగయు గల నగరమున సూర్యాస్తమయము మిక్కిలి రంగులతో నుండును. పొగగొట్టములు దానిపై నల్లని గీతలుగా నిలుచును. చిత్రము సిద్ధముగా నున్నట్లు తోచును. కాని ఆ చిత్రము బర్మామైన్స్‌ది కాదు. పొగగొట్టములున్న ఏ ఊరిదైనను కావచ్చును. ఆకాశమునకు సరిపోవు వెలుతురును కెమేరాకు అమర్చినచో నేల అంతయు నల్లబడును. ఆ నల్లదనములోనే ఇండ్లు, మనుష్యులు, వారి నడక సమస్తము మునిగిపోవును. సూర్యాస్తమయ చిత్రములలో అధికభాగము ఇట్టి వెలకే లభించును. అందమునకు ఎవరు వెల చెల్లించుచున్నారో చూచుట విమర్శకుని పని.

కావున వివేకము గల అన్వేషకుడు సూర్యునకు వీపు త్రిప్పును. అప్పుడు తూర్పు గోడలమీద మిగిలిన వెలుగు కనబడును. సున్నపు గోడ, ఆరవేసిన చీర, ఇత్తడి బిందె, ముసలివారి తెల్లని జుట్టు, ఇవన్నియు చీకటిని ఆలస్యముగా ఒప్పుకొనునవి. ఇంటింట బొగ్గు కుంపట్లు రాజుకొనిన రోజులలో, శీతకాలపు సాయంకాలమున పొగ పైకి పోలేక వీథిలోనే పరచుకొని, మిగిలిన కొద్ది వెలుగును పట్టి నిలిపెడిది. పొగ చూపును అడ్డగించును, వెలుగును చూపించును. బయట కదలునదంతయు ఆ పొగలో మెత్తనగును. అరవై కిలోమీటర్లలోపే, అదే సువర్ణరేఖ ఒడ్డున, అదే రైలు మార్గమున, ఘాట్‌శిలలో విభూతిభూషణ బంద్యోపాధ్యాయుడు తన కడపటి దినములు గడపి 1950లో మరణించినాడు. అడవిలో వెలుగు తరుగుటను ఆయనవలె ఓర్పుతో గమనించిన గద్యరచయితలు అరుదు. ఆయన వచనము నేర్పు పాఠము ఛాయాగ్రాహకునకును వర్తించును: సాయంకాలమును చూడదలచినవాడు దానిని వెంటాడరాదు, ఒకచోట కూర్చుండవలెను.

కూర్చుండినంత మాత్రమున చిక్కు తీరదు. వెలుగు సగమగుచున్నప్పుడు అతని ముందు మూడు మార్గములున్నవి. కటకపు రంధ్రమును పెద్దది చేయవచ్చును. అప్పుడు ఒక్క దూరమునందే స్పష్టత మిగిలి ముందువెనుకలు చెదరును. తెరను ఎక్కువసేపు తెరచి ఉంచవచ్చును. అప్పుడు కదలువారు చెదరుదురు. ఫిల్ము సున్నితత్వమును పెంచవచ్చును. అప్పుడు చిత్రమంతట ఇసుక చల్లినట్లు గరుకుదనము వచ్చును. ఒకటి దగ్గరిదానికొరకు దూరమును త్యజించుట; రెండవది నిలిచినదానికొరకు కదలుదానిని త్యజించుట; మూడవది అందరిని కొంచెము కొంచెము త్యజించుట. ఏ పుస్తకమును ఈ మూటిలో దేనిని ఎన్నుకొనవలెనో చెప్పజాలదు, ఏలననగా అది ఎదుటనున్న మనుష్యుని బట్టి యుండును. అరుగు మీద కూర్చున్న వృద్ధురాలికి అరక్షణము తెరచినను నష్టము లేదు. సైకిలు మీద ఇల్లు చేరుచున్నవాడు ఆ అరక్షణములో ఒక చారగా మారును.

ఆ చార లోపమా? సాధారణముగా చూచువారు లోపమనియే చెప్పుదురు. కాని దినమంతయు నిలిచి పనిచేసినవాడు సాయంకాలమున కదలుచుండుటయే అతని సత్యమైనప్పుడు, చెదరిన రూపము చెదరని రూపముకంటె యథార్థము కావచ్చును. వృద్ధురాలు స్పష్టముగా, ఆమె ముందునుండి పోవు కుమారుడు ఒక మసక రేఖగా కనబడు చిత్రమున, ఇంటిలో నిలిచినవారికిని పనికి పోయి వచ్చువారికిని గల సంబంధము మాట లేకయే చెప్పబడును. దాగేర్ వీథిలో మాయమైన నడచువారు ఇచట మాయము కాలేదు, జాడ విడిచినారు. పాతలోపమునే నేర్పుగా వాడుకొనుట కళకు ఆది నుండియు అలవాటు. అయితే ప్రతి మసకయు అర్థవంతము కాదు. చేయి వణకుటవలన చెదరిన చిత్రమునకు అర్థము కల్పించుట విమర్శ కాదు, మొగమోటము.

ఇచట మరియొక ప్రలోభము వేచియున్నది. ఈ నగరమున రాత్రి పూర్తిగా రాత్రి కాదు. కరగిన లోహమలమును గుట్టలపై పోయునప్పుడు ఆకాశమంతయు నారింజరంగున వెలిగి, దూరపు పల్లెలకు సైతము కనబడెడి రోజులుండెను. అస్తమించిన సూర్యుడు మరల లేచినట్లు భ్రమ గొలుపు ఆ దృశ్యము ఏ ఛాయాగ్రాహకుని చేతినైనను ఆకర్షించును. కాని ఇది సూర్యాస్తమయ చిత్రమునకు తోబుట్టువే. వెలుగు మహత్తరమైనప్పుడు మనుష్యుడు మరల నీడయగును.

అట్లయిన వెదకవలసిన వెలుగు ఏది? దీనికి సమాధానము సంధ్య యను మాటలోనే యున్నది. సంధ్య యనగా సంధి, కలయిక. పగలును రాత్రియు కలియుట అను అర్థమును పండితులు చెప్పుదురు. ఛాయాగ్రాహకునకు మరియొక కలయిక ముఖ్యము. సూర్యాస్తమయమునకు ముందు ఇంటి దీపము వెలుతురుగా తోపదు. ఆకాశము దానిని మ్రింగివేయును. పూర్తిగా చీకటి పడిన తరువాత దీపము తప్ప మరేదియు ఉండదు. బయటి ఊరు మాయమగును. ఈ రెంటి నడుమ, అస్తమయమైన సుమారు పావుగంటకు, కొద్ది నిమిషములపాటు ఆకాశపు వెలుగును దీపపు వెలుగును సమానమగును. అప్పుడు తలుపులో నిలిచినవారి ముఖముపై ఒక ప్రక్క లోపలి దీపపు పసుపు, మరియొక ప్రక్క బయటి ఆకాశపు నీలము పడును. ఇల్లును కనబడును, ఊరును కనబడును. ఒకటి మరియొకదానిని చంపదు. బర్మామైన్స్‌లో దీనికి మూడవదిగా కర్మాగారపు ఎఱ్ఱదనము దూరమున కలియును. మూడు వెలుగులలో ఆకాశము ఎవరిదియు కాదు, కొలిమి యజమానిది, దీపము మాత్రము ఆ ఇంటివారు తామే వెలిగించుకొనినది. ఆ దీపమునకు మిగిలిన రెండు వెలుగులతో సమానమైన గౌరవము లభించు నిమిషమే అతడు వెదకుచున్న చిత్రము. అది దినమునకు ఒకసారి వచ్చును. అయిదారు నిమిషములలో పోవును.

వెలుగును కల్పింపరాదని ఇందు వాదము లేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లే పగటి వెలుతురునుండియు స్టూడియో దీపములనుండియు సృష్టించిన వెన్నెలను తెలుగువారు నేటికిని మరువలేదు. అది కావ్యపు వెన్నెల. కవికి గల స్వాతంత్ర్యమును అచట కెమేరా సంపాదించుకొనినది. 1956 నాటి అపరాజితో చిత్రమున సుబ్రత మిత్ర స్టూడియోలో కట్టిన కాశీ ఇంటి ముంగిటిలోనికి, పైనుండి దిగు నీడలేని వెలుగును తెల్లని బట్టకు తాకించి తెచ్చినాడు. అదియు కల్పనయే, కాని నిజమైన ముంగిళ్ళను ఓర్పుతో చూచినవాని కల్పన. ఇటీవలివారిలో దయానితా సింగ్ తన నీలిపుస్తకమున (2009) పగటి ఎండకై చేయబడిన రంగుల ఫిల్మును ప్రొద్దుపోయిన తరువాత వాడుటవలన వచ్చు నీలిమను దిద్దక, దానినే భాషగా స్వీకరించి కర్మాగారపు భూములను చూపినది. ముగ్గురిలోను ఒక సామాన్యధర్మము గలదు: వారు చీకటిని శత్రువుగా చూడలేదు.

నేటి యంత్రములు చీకటిని శత్రువుగానే చూచుచున్నవి. చేతిలోని ఫోను ఒక్క మీటతో అనేక చిత్రములను వరుసగా తీసి, వానిని లెక్కలతో కలిపి, మసకవేళను పట్టపగలుగా మార్చి ఇచ్చును. గోడ మీది ప్రతి ఇటుకయు కనబడును, ముఖము నీడ లేక తెల్లనగును, ఆకాశము నీలముగా మెరయును. ఒకప్పుడు కెమేరా సాయంకాలమును చూడలేకపోయినది. ఇప్పుడు సాయంకాలమును సాయంకాలముగా ఉండనీయుట లేదు. మొదటి లోపమువలన కార్మికుని వేళ చిత్రములకు అందలేదు. రెండవ లోపమువలన చిత్రములు లెక్కకు మిక్కిలిగా నున్నను ఆ వేళ వానిలో లేదు. దినమంతటి శ్రమ తరువాత చీకటి మనుష్యునకు ఇచ్చు మరుగు, కన్నులకు ఇచ్చు విశ్రాంతి, ముఖమున సగమును తనకే ఉంచుకొను హక్కు, ఇవి సాయంకాలపు సంపదలు. వానిని దోచుకొని స్పష్టతను ఇచ్చుట మేలు కాదు.

ఆ హక్కును గూర్చి మరియొక మాట అవసరము. మసకవేళ ఛాయాగ్రాహకునకు కూడ మరుగు నిచ్చును. పగలు కెమేరాను చూచి తల త్రిప్పుకొనువాడు మునిచీకటిలో దానిని చూడడు. వెలిగిన ఇంటిలో ఉన్నవారికి బయటి చీకటిలో నిలిచినవాడు కనబడడు; అతనికి మాత్రము వారు అద్దములోవలె కనబడుదురు. వెలుగు చాలక వెదకుచున్నవానికి ఇది పెద్ద సౌకర్యము. ఆ సౌకర్యమును వాడుకొని తీసిన చిత్రము ఎంత సుందరమైనను దానిలో దొంగచూపు జాడ ఉండితీరును. గడపవరకు వెళ్ళి, పలుకరించి, ఆ ఇంటివారి ఒప్పుదల పొందునప్పటికి అయిదు నిమిషములు గడచిపోవచ్చును. ఆ అయిదు నిమిషములే అతనికి ఉన్నవి. చిత్రము పోవును, మర్యాద మిగులును. కాని పలుకరించినవాడు మరునాడు వచ్చునప్పటికి ఆ గడప అతనికి తెలిసిన గడప యగును. సాయంకాలము ప్రతిదినమును వచ్చును. అన్వేషకునకు గల నిజమైన ధనము అదియే.

అందువలన ఇట్టి చిత్రముల విలువను కట్టునప్పుడు అందు ఎంత కనబడుచున్నదని మాత్రము అడుగరాదు. కనబడనిది న్యాయముగా విడువబడినదా యని అడుగవలెను. నల్లబడిన భాగములో ఎవరున్నారు? వారిని అక్కడ ఉంచినది చీకటియా, చిత్రకారుని తొందరయా? వెలిగిన ముఖము తన దీపముచే వెలిగినదా, ఇతరుల మంటచే వెలిగినదా? ఈ ప్రశ్నలకు నిలుచు చిత్రము చిన్నదైనను, గరుకైనదైనను, కొంత చెదరినదైనను ఉత్తమము. నిలువనిది ఎన్ని రంగులతో నున్నను ఆకాశపు పటము మాత్రమే.

ఒక్కొకప్పుడు అన్వేషకుడు చిత్రము లేకయే తిరిగి పోవలసి యుండును. తగిన తలుపు తెరచుకొనునప్పటికి ఆకాశము చల్లారియుండును. ఆకాశము సరిగా ఉన్నప్పుడు వాకిట ఎవరును ఉండరు. అది ఓటమి కాదు. ఆ ఇరువదియైదు నిమిషములు అతడు ఒక వీథిని, అందలి మనుష్యులను, తన కంటిలోని మార్పును గమనించినాడు. పగటివేళ వందల చిత్రములు తీయువాడు గూడ ఇంతగా చూడడు. కెమేరాను సంచిలో ఉంచి టాటానగర్ స్టేషను వైపు నడచుచున్నప్పుడు, అతని వెనుక ఒక తెలుగు ఇంటి గడపలో సందెదీపము వెలుగుచునే యుండును. ఆ దీపము అతనికొరకు వెలిగింపబడినది కాదు; అయినను అతడు దానిని చూచినాడు.